కోనసముద్రపు ఉక్కు

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు సీమల రైతు కొలిమికడ నెరిగిన సత్యమొకటి కలదు. పదను చాలనిచో కర్రు వంగును, మించినచో విరుగును. గట్టితనమును సాగుదలయు నొక్కచోట నిలుచుట యరుదు.

ఆ రెంటిని పొందుపరచిన పనివారు మన తెలుగునాటనే యుండిరి. నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రమునకు ఉక్కు కొనుటకై పారసీక వర్తకులు వచ్చుచుండిరి. హెన్రీ వాయ్సీ యను నాంగ్ల వైద్యుడు చూచి వ్రాసిన వృత్తాంతము 1832లో ప్రచురితమైనది. ఇనుమును మట్టిమూసలో కరగించి, ఆ ముద్దను మట్టితో గప్పి, మూడు నాలుగు మారులు కాచి చల్లార్చెడివారని యందు గలదు. బొగ్గుపాలు హెచ్చుటచే మిక్కిలి కఠినమైన యా యుక్కు అట్లు కాచుటచేతనే సుత్తెకు లొంగెను. ఇట్టి హిందూదేశపు ఉక్కును 1819లో మైకేల్ ఫారడే లండనులో పరీక్షించెను.

1973లో హైదరాబాదున నెలకొన్న మిశ్ర ధాతు నిగమ్ చేయు మారేజింగ్ ఉక్కుది వేరు త్రోవ. అందు నికెలు నూటికి 18 పాళ్లు, బొగ్గు 0.03 పాలు మించదు. మెత్తగా నున్నప్పుడే రూపుదిద్ది, పిమ్మట సుమారు 480 డిగ్రీల వేడిమిలో కొన్ని గంటలుంతురు. అప్పుడు లోన బుట్టు సూక్ష్మకణములు లోహపు పొరల జారుటకు అడ్డుపడును. బలము హెచ్చును, పెళుసుదనము రాదు.

మరి కోనసముద్రపు విద్య యేల నశించెను? విదేశపు చౌక యుక్కు ఒక కారణమే. కాని చేతిపనిని మనము చదువుగా నెంచకపోవుట రెండవదని మా తలంపు. కమ్మరి విద్య కమ్మరి యింటనే యుండవలెనంటిమి. దానిని గ్రంథస్థము చేసినవాడు పరదేశి. మన బిడ్డలకు కొలిమిని చూపుదము. చూచినదానిని వారిచే వ్రాయింతము.