బస్సులో అమరావతి: దిబ్బ ఇక్కడ, శిల్పాలు లండన్‌లో

ఈరోజు ఎపిసోడ్ అమరావతి. రాజధాని కాదు, కృష్ణ ఒడ్డున ఉన్న పాత అమరావతి ఊరు. అందుకే గుంటూరు బస్టాండ్‌లో కండక్టర్‌ని "అమరావతి గుడి దగ్గరికి వెళ్తుందా అన్నా?" అని అడిగి ఎక్కండి. దూరం సుమారు 35 కిలోమీటర్లు. పొద్దున వెళ్తే సాయంత్రానికి ఇంటికొచ్చేయొచ్చు. శుక్రవారం మాత్రం వద్దు, మ్యూజియం సెలవు.

ముందే చెప్తున్నా, అక్కడ పెద్ద స్తూపం కనిపించదు. గుండ్రటి దిబ్బ, చుట్టూ నిలబెట్టిన కొన్ని రాళ్లు, అంతే. చాలామంది ఒక సెల్ఫీ తీసుకుని "ఇంతేనా?" అంటూ వెనక్కి తిరుగుతారు.

ఇంతే ఎందుకు మిగిలిందో చూద్దాం. ఇది ధాన్యకటకం మహాచైత్యం. శాతవాహనుల కాలంలో పెద్దదైంది. దీన్ని రాజులొక్కళ్లే కట్టించలేదు. విధికుడు అనే తోలుపనివాడు ఇచ్చిన శిల్పఫలకం మీద అతని పేరు ఇప్పటికీ ఉంది. 1344 నాటి శ్రీలంక గడలదెణియ శాసనం కూడా ధాన్యకటకంలో చేయించిన మరమ్మతు గురించి చెప్తుంది. అంటే పదిహేను వందల ఏళ్లకు పైగా నడిచిన చోటు ఇది.

తర్వాత జనం మర్చిపోయారు. ఊళ్లోవాళ్లు దీన్ని దీపాల దిన్నె అనేవాళ్లు. 1790ల్లో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతిలో కొత్త ఊరు కట్టించేటప్పుడు ఈ దిబ్బ రాళ్ల గని అయిపోయింది. చెరువు మెట్లకీ, గోడలకీ ఈ రాళ్లే. సర్వేయర్ కాలిన్ మెకంజీ ఆ దశాబ్దం చివర్లో వచ్చి చూశాడు. 1816లో మళ్లీ వచ్చేసరికి దిబ్బ మధ్యలో చెరువు తవ్వి ఉంది! మిగిలిన శిల్పాలకు ఆయన బృందం బొమ్మలు గీసింది. ఆ తర్వాత పోయిన రాళ్లు కొన్ని ఇప్పుడు ఆ బొమ్మల్లోనే ఉన్నాయి.

1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి శిల్పాల్ని మద్రాసు పంపాడు. అక్కడ ఏళ్ల తరబడి ఆరుబయట పడున్నాయి. 1859లో లండన్ వెళ్లాయి. వాటికి ఇలియట్ మార్బుల్స్ అని పేరు, కానీ అది పాలరాయి కాదు, మన పల్నాడు సున్నపురాయి.

నన్నడిగితే అసలు దెబ్బ 1880లో పడింది. గవర్నర్ ఆదేశంతో దిబ్బ మొత్తం తవ్వేశారు. పురావస్తు అధికారి జేమ్స్ బర్జెస్ వచ్చేసరికి, బయటికి తీసిన చాలా రాళ్లు అసలు ఎక్కడుండేవో చెప్పే ఆధారమే పోయింది. రాయి దొరికితే మ్యూజియంలో పెట్టొచ్చు. దాని చోటు పోతే మళ్లీ రాదు కదా!

ఇప్పుడు మీ ఫోన్‌తో పని. శిల్పులు స్తూపం రాళ్ల మీదే స్తూపం బొమ్మ చెక్కారు: అండం, ప్రాకారం, సింహాలు, నాలుగు దిక్కులా ఐదేసి ఆయక స్తంభాలు. బ్రిటిష్ మ్యూజియం వెబ్‌సైట్లో ఆ ఫలకం ఫొటో ఉంది, బస్సెక్కేముందే డౌన్‌లోడ్ చేసుకోండి. దిబ్బ ముందు నిలబడి ఫోన్ పైకెత్తి, ఆ ఆయక స్తంభాలు ఎక్కడుండేవో వెతకండి. గంట ఇట్టే గడిచిపోతుంది. ఆ తర్వాత పక్కనే ఉన్న మ్యూజియం, ఆపైన అమరేశ్వరుడి గుడి.

బ్రిటిష్ మ్యూజియంలో 120కి పైగా శిల్పాలున్నాయి. లండన్ మన బడ్జెట్ కాదులెండి. కానీ చెన్నై ఎగ్మూరు మ్యూజియంలోనూ బోలెడున్నాయి, విజయవాడలో రాత్రి రైలెక్కితే పొద్దున్నకి చెన్నైలో ఉంటాం. వచ్చే ఎపిసోడ్ అక్కడి నుంచే. దానికీ శుక్రవారమే సెలవు!