బొటనవేళ్ల కింద బోర్డు: స్కేట్‌బోర్డింగ్ వీడియో గేముల నాలుగు దశాబ్దాలు

స్కేట్‌బోర్డింగ్‌ను వీడియో గేముగా మలచడంలో మొదటి చిక్కు శరీరానికి సంబంధించినది. బోర్డు మీద నిలబడ్డ మనిషికి పనంతా పాదాలు, మడమలు, నడుముతోనే. చేతులు తూకం కోసం గాల్లో ఆడుతుంటాయి, అంతే. గేము ఆడేవారికి పనిచేసేవి చేతులు, వాటిలోనూ బొటనవేళ్లే ఎక్కువ. పాదం చేసే పనిని వేలికి ఎలా అప్పగించాలన్న ప్రశ్నకు నలభై ఏళ్లుగా వచ్చిన జవాబులే ఈ గేముల చరిత్ర. తెర మీద బొమ్మలు ఎంత అచ్చంగా కనిపిస్తున్నాయన్నది ఆ చరిత్రలో రెండో మాటే.

స్కేట్‌బోర్డింగ్ 1950లలో అమెరికాలోని కాలిఫోర్నియా తీరంలో పుట్టింది. అలలు లేని రోజుల్లో సర్ఫర్లు పలకలకు చక్రాలు బిగించి వీధుల్లో తిరిగేవారు. 1970ల తొలినాళ్లలో ఫ్రాంక్ నాస్‌వర్తీ యూరిథేన్ చక్రాలను తెచ్చాక బోర్డుకు నేల మీద పట్టు కుదిరింది. ఆ దశాబ్దం చివర ఫ్లోరిడా కుర్రాడు అలన్ గెల్ఫాండ్ చేత్తో పట్టుకోకుండా బోర్డుతో సహా గాల్లోకి లేవడం సాధించాడు. అతని ముద్దుపేరు మీదుగానే దాన్ని ‘ఆలీ’ అన్నారు. 1980ల తొలినాళ్లలో రాడ్నీ మల్లెన్ దాన్ని సమతలమైన నేల మీదికి తెచ్చాడు. వీధి స్కేటింగ్ అంతా ఆ ఒక్క కదలిక మీదే నిలబడింది.

ఆలీని దగ్గర నుంచి చూస్తే గేము రూపకర్తల కష్టం తెలుస్తుంది. వెనక పాదం బోర్డు తోకను నేలకేసి కొడుతుంది. ముందు కొన పైకి లేస్తుంది. ఆ క్షణంలోనే ముందు పాదం బోర్డు పైనున్న గరుకు టేపును రాసుకుంటూ ముందుకు జారి, గాల్లో బోర్డును సమం చేస్తుంది. దిగేటప్పుడు చక్రాలు నేలను తాకే వేళకు మోకాళ్లు వంగాలి, బరువు బోర్డు మధ్యలో పడాలి. ఇదంతా ఒక్క సెకను కూడా పట్టదు. గేములో ఇది నిజమనిపించాలంటే ఇందులో ఏదో ఒక భాగం ఆడేవారి చేతిలో ఉండాలి, అది తప్పిపోయే వీలూ ఉండాలి. అన్ని భాగాలూ చేతికే వదిలేస్తే గంటల తరబడి కింద పడటమే తప్ప ఆట సాగదు.

తొలి జవాబు ఆర్కేడ్ యంత్రాల నుంచి వచ్చింది. అటారీ గేమ్స్ సంస్థ 1986లో తెచ్చిన ‘720°’ గాల్లో రెండు పూర్తి చుట్లు తిరిగే విన్యాసం పేరును పెట్టుకుంది. దాని జాయ్‌స్టిక్ మామూలుగా నాలుగు దిక్కులకూ వంగేది కాదు, గుండ్రంగా తిరిగేది. చేత్తో చుట్టు తిప్పితే తెర మీద స్కేటర్ చుట్టు తిరుగుతాడు. శరీరం తిరగడాన్ని చేయి తిరగడంతో ముడివేసిన ఆ ఆలోచన ఈనాటికీ పాతబడలేదు. సమయం మించితే తేనెటీగల దండు వెంటపడేది. ‘స్కేట్ ఆర్ డై’ అన్న హెచ్చరిక ఆ యంత్రం నుంచే వినిపించేది. మరుసటి ఏడాది అదే పేరుతో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ ఇంటి కంప్యూటర్లకు ఒక గేము విడుదల చేసింది. ఎపిక్స్ సంస్థ ‘కాలిఫోర్నియా గేమ్స్’లో హాఫ్‌పైప్ పోటీ పెట్టిందీ ఆ ఏడాదే.

ఈ తొలి గేముల్లో లోపించింది వాలు తాలూకు బరువు. అనంతగిరి ఘాట్ రోడ్డులో సైకిలు మీద దిగేవారికి తొక్కకుండానే వేగం వస్తుంది, మలుపు దగ్గరకొచ్చేసరికి ఆ వేగమే మీదపడుతుంది. స్కేటింగ్‌లోని ఉత్సాహమూ భయమూ ఆ వేగంలోనే ఉన్నాయి. రెండు కొలతల తెర దాన్ని చూపగలిగిందే గానీ చేతికి తెలిసేలా చేయలేకపోయింది. సెగా సంస్థ 1997లో ‘టాప్ స్కేటర్’ ఆర్కేడ్ యంత్రానికి నిజమైన బోర్డు లాంటి పలకనే బిగించింది. ఆడేవారు దాని మీద నిలబడి ఒరిగితే స్కేటర్ మలుపు తిరుగుతాడు. మలుపు వరకు అది గొప్పగా ఉండేది. ఇరుసుకు బిగించిన పలక కనుక గాల్లోకి మాత్రం లేవదు, అంటే ఆలీ పాదాలకు దక్కేది కాదు.

1999 జూన్‌లో శాన్ ఫ్రాన్సిస్కోలో జరిగిన ఎక్స్ గేమ్స్ పోటీల్లో అమెరికా స్కేటర్ టోనీ హాక్ గాల్లో రెండున్నర చుట్లు తిరిగి దిగాడు. కొద్ది నెలల్లోనే నెవర్‌సాఫ్ట్ తయారుచేసిన ‘టోనీ హాక్స్ ప్రో స్కేటర్’ను యాక్టివిజన్ ప్లేస్టేషన్‌కు విడుదల చేసింది. ఇందులో ఒక బటన్ నొక్కి పట్టి వదిలితే ఆలీ, మరొకటి నొక్కితే బోర్డు తిరగడం, ఇంకొకటి చేత్తో పట్టుకోవడం, నాలుగోది రెయిలింగు మీద జారడం. పాదాల పని మొత్తాన్ని నాలుగు మీటలకు కుదించేశారు. స్కేటర్ ఎగిరే ఎత్తు ఏ మనిషికీ సాధ్యం కాదు. ఇంత అబద్ధమున్నా దాన్ని ఆడిన స్కేటర్లు తమ ఆటను అందులో గుర్తుపట్టారు. అందుకు కారణం విన్యాసంలో కంటే విన్యాసాల మధ్య ఉంది.

ఆ గేము పరుగుకు రెండు నిమిషాలే ఇచ్చింది. వరసగా చేసిన విన్యాసాల విలువలను కూడి, ఎన్ని చేశారో ఆ సంఖ్యతో హెచ్చవేసేది. ఒకే విన్యాసం మళ్లీ మళ్లీ చేస్తే విలువ తగ్గేది. సరిగా దిగకపోతే ఆ వరస మొత్తం సున్నా. ఇంకొకటి కలుపుదామా, ఇక్కడితో దిగిపోదామా అన్న ఊగిసలాట ప్రతి వరసలోనూ ఉండేది. నిజమైన స్కేటర్ ఎముకలను పణంగా పెడతాడు, గేము ఆడేవారు పోగుచేసిన స్కోరును పెడతారు. గుండె దడ రెండు చోట్లా ఒక్కటే. 2000లో వచ్చిన రెండో గేము ‘మాన్యువల్’ను చేర్చింది, అంటే ముందు చక్రాలను ఎత్తి వెనక చక్రాల మీదే దొర్లడం. దీంతో ఒక రెయిలింగు నుంచి మరో రెయిలింగు దాకా వరస తెగకుండా నేల మీదుగా వెళ్లే వీలు కలిగింది. 2001 నాటి మూడో గేములోని ‘రివర్ట్’ నిలువు ర్యాంపు దిగాక కూడా వరసను కొనసాగనిచ్చింది. పార్కు అప్పటిదాకా విడివిడి వస్తువుల కూర్పు. ఈ రెండు చేర్పులతో అది ఒకే దారిగా మారింది. ఒక చోటును చూడగానే దాని గుండా పోయే గీత మనసులో గీసుకోవడం స్కేటర్‌కు అలవాటు. ఆ చూపును గేము ఆడేవారికి నేర్పిన ఘనత నెవర్‌సాఫ్ట్‌దే.

అదే 1999లో రాక్‌స్టార్ విడుదల చేసిన ‘త్రాషర్: స్కేట్ అండ్ డిస్ట్రాయ్’ మరింత నిజాయతీగా ప్రయత్నించింది. అందులో ఎత్తులు మనిషికి దగ్గరగా ఉంటాయి, పడిపోవడం ఎక్కువ. అయితే దాన్ని ఆదరించినవారు తక్కువే.

పాదాన్ని వేలికి నిజంగా దగ్గర చేసింది 2007లో వచ్చిన ‘స్కేట్’. కెనడాలోని ఈఏ బ్లాక్ బాక్స్ స్టూడియో విన్యాసాలను బటన్ల నుంచి తీసి కుడి స్టిక్ మీద పెట్టింది. స్టిక్‌ను కిందికి లాగితే స్కేటర్ మోకాళ్లు వంచి పాదాన్ని తోక మీదికి తెస్తాడు. అక్కడి నుంచి నేరుగా పైకి విదిలిస్తే ఆలీ, ఏటవాలుగా విదిలిస్తే బోర్డు తన పొడవాటి అక్షం చుట్టూ తిరిగే కిక్‌ఫ్లిప్. లాగడం తోకను కొట్టడంలా, విదలించడం ముందు పాదం జారడంలా తోస్తుంది. కోణం కొంచెం తప్పితే అనుకున్నది కాక వేరే విన్యాసం పడుతుంది. నిజమైన బోర్డు మీదా పొరపాటు జరిగేది ఇలాగే, అందుకే ఆ తప్పు గేము చేసిన మోసమని అనిపించదు. కెమెరాను స్కేటర్ నడుము కిందికి దించి, స్కేటింగ్ వీడియోల్లోలా నేలకు దగ్గరగా నడిపారు. మెట్లు ఎత్తుగా, గట్టు పెద్దదిగా కనిపించడానికి ఆ కోణం ఎంతో తోడ్పడింది.

ధ్వని పాత్ర కూడా చిన్నది కాదు. కాంక్రీటు మీద చక్రాల గరగర, తోక తగిలిన టక్కు, గాల్లో ఉన్నంతసేపూ నిశ్శబ్దం, దిగగానే మళ్లీ గరగర. ఆ నిశ్శబ్దం నిడివిని బట్టే ఎంత ఎత్తు ఎగిరిందీ చెవికి తెలిసిపోతుంది. సంగీతం ఆపేసి ఈ గేములను ఆడేవారు చాలామంది ఉండటానికి కారణం ఇదే.

ఆడబుద్ధి పుట్టించడంలో మరో ముఖ్యమైన అంశం, పడిన తర్వాత ఏం జరుగుతుందన్నది. స్కేటింగ్ అంటే ప్రధానంగా ఒకే మెట్ల వరస దగ్గర పదేపదే పడటం. గేములో పడిన ప్రతిసారీ దూరం నుంచి మళ్లీ నడిచి రావాల్సి వస్తే విసుగు తప్పదు. ‘స్కేట్’ సిరీస్ నచ్చిన చోట గుర్తు పెట్టుకుని ఒక్క మీటతో అక్కడికి తిరిగొచ్చే సౌకర్యం ఇచ్చింది. ఓటమికీ మరో ప్రయత్నానికీ మధ్య వ్యవధి రెండు మూడు సెకన్లకు తగ్గడంతో కష్టమైన గేము కూడా వదలబుద్ధి కాని గేమైంది. 2010 నాటి ‘స్కేట్ 3’లో పడటమే వినోదంగా మారి, ఆ దృశ్యాలు యూట్యూబ్‌లో కొన్నేళ్ల తర్వాత కూడా ఆ గేముకు కొత్త ఆటగాళ్లను తెచ్చాయి.

2009లో ‘టోనీ హాక్: రైడ్’ ఇంట్లోనే ప్లాస్టిక్ బోర్డు మీద నిలబడి ఆడే పద్ధతిని తిరిగి తెచ్చి ఘోరంగా విఫలమైంది. పాదాలు నిజంగానే పలక మీదున్నా, అవి చేసిన పని తెర మీద సరిగా పలకలేదు. చేసిన దానికి వెంటనే, ప్రతిసారీ ఒకేలా ఫలితం రాకపోతే ఎంత అచ్చమైన పరికరమైనా పనికిరాదని దాంతో తేలింది. ఆ సంవత్సరమే హైదరాబాద్‌కు చెందిన గేమ్‌శాస్త్ర ప్లేస్టేషన్ 2 కోసం ‘దేశీ అడ్డా’ తయారుచేసింది. కబడ్డీ వంటి వీధి ఆటలను మీటల మీదికి తేవడంలో తెలుగు నేల మీది రూపకర్తలకు ఎదురైనదీ ఇదే చిక్కు. కూత పట్టి ఊపిరి బిగబట్టడం అనే శరీర కష్టాన్ని వేలికి ఎలా తెలియజెప్పాలి?

అరకులోనైనా హైదరాబాద్‌లోనైనా చాలామంది పిల్లలకు గేము అంటే ఫోనే. 2012లో డెన్మార్క్ నుంచి వచ్చిన ‘సబ్‌వే సర్ఫర్స్’లోని గాల్లో తేలే బోర్డే వారిలో ఎందరికో పరిచయమైన తొలి బోర్డు. దానికి బరువూ లేదు, పాదమూ లేదు. అదే ఏడాది వచ్చిన ‘ట్రూ స్కేట్’ మాత్రం టచ్‌స్క్రీన్‌ను నిజంగా వాడుకుంది. తెర మీద మనిషి ఉండడు, బోర్డు ఒక్కటే ఉంటుంది. రెండు వేళ్లే రెండు పాదాలు. ఒక వేలితో తోకను నొక్కి, రెండో వేలిని ముందుకు జార్చితే ఆలీ పడుతుంది. ఖరీదైన కంట్రోలర్లు చేయలేకపోయిన పనిని చవక ఫోను చేసింది. కొండ ప్రాంతాల గరుకు తారు మీద నిజమైన బోర్డు నడపడం మాటలు కాదు. చిన్న గట్టి చక్రం కింద గులకరాయి పడితే బోర్డు ఆగిపోయి మనిషి ముందుకు పడతాడు. గేముల్లో ఆ గులకరాయి దాదాపు కనిపించదు. దాన్ని వదిలేయడం సరైన నిర్ణయమే, ఎందుకంటే ఆ పతనం నుంచి ఆటగాడు నేర్చుకునేదేమీ ఉండదు.

తర్వాతి తరం అచ్చదనాన్ని అంచు దాకా తీసుకెళ్లింది. 2020లో పూర్తి రూపం దాల్చిన ‘స్కేటర్ ఎక్స్‌ఎల్’, మాంట్రియల్‌కు చెందిన క్రీ-ఏచర్ స్టూడియోస్ 2022లో పూర్తిచేసిన ‘సెషన్’, రెండూ ఒక్కో స్టిక్‌ను ఒక్కో పాదానికి ఇచ్చేశాయి. ‘సెషన్’లో వెనక పాదపు స్టిక్‌ను లాగి, ముందు పాదపు స్టిక్‌ను నెట్టాలి. మలుపులకు స్టిక్కులు మిగలవు కనుక ఆ పని ట్రిగ్గర్లది. గట్టు మీదికి ఒక్క ఆలీ వేయడానికే కొత్తవారికి చాలాసేపు పడుతుంది. స్కోరుకు ప్రాధాన్యం లేదు. ప్రతిఫలం ఆ విన్యాసమే, దాన్ని వీడియోగా దాచుకోవడమే. ఓపికున్నవారికి ఇంతకు మించిన స్కేటింగ్ గేము లేదు, ఓపిక లేనివారికి అది తలుపే తెరవదు.

దీనికి పూర్తి వ్యతిరేక దిశలో లండన్ స్టూడియో రోల్7 నుంచి 2014లో ‘ఆలీఆలీ’ వచ్చింది. పక్క నుంచి చూసే చదును బొమ్మలు, నిజానికి ఏ మాత్రం దగ్గరగా లేని రూపం. అయినా నేలను తాకే ముందు సరైన క్షణంలో బటన్ నొక్కకపోతే స్కేటర్ తడబడతాడు, స్కోరు దాదాపు ఆవిరవుతుంది. ఆలీలోని అన్ని భాగాల్లోంచి దిగే క్షణాన్ని ఒక్కదాన్నే ఎంచుకుని దాని చుట్టూ గేమంతా కట్టారు. ఆ ఒక్క క్షణం మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం.

2025లో రెండు పాత పేర్లూ తిరిగొచ్చాయి. సెప్టెంబరులో ఫుల్ సర్కిల్ స్టూడియో కొత్త ‘స్కేట్’ను ఉచితంగా, నెట్ ఉంటేనే ఆడగలిగేలా, ఇంకా పూర్తికాని రూపంలో విడుదల చేసింది. స్టిక్‌ను లాగి విదిలించే పద్ధతి అందులో చెక్కుచెదరకుండా ఉంది. అంతకుముందు జూలైలో టోనీ హాక్ మూడో, నాలుగో గేములు కలిసి కొత్త రూపంలో వచ్చాయి. 2002 నాటి అసలు నాలుగో గేము గడియారాన్ని తీసేసి, ఆటగాళ్లను తీరిగ్గా తిరగనిచ్చింది, మనుషుల దగ్గరకు వెళ్లి పనులు అడిగి తీసుకోనిచ్చింది. కొత్త రూపంలో ఆ పార్కులకు రెండు నిమిషాల పరుగును తిరిగి పెట్టారు. తిరుగుతూ కనుక్కోవడానికి కట్టిన స్థలాలు పరుగు పందెంలో ఇరుకుగా మారాయని పాత ఆటగాళ్లు చేసిన ఫిర్యాదులో న్యాయం ఉంది.