మైక్రోకంట్రోలర్ పునరుద్ధరణ

తప్పు ఫర్మ్‌వేర్ ఎక్కి మొరాయించిన చిప్‌ను తిరిగి దారికి తేవడం. కంప్యూటర్‌లో పోర్టు కనిపించకపోతే చిప్ చచ్చిందనుకుంటారు. చాలాసార్లు అది తొందరపాటే. సాధారణంగా చెడేది ఫ్లాష్ మెమరీలోని రాతే. రోమ్‌లో ఉండి కొత్త ఫర్మ్‌వేర్‌ను ఎక్కించే బూట్‌లోడర్ చెక్కుచెదరదు. ఈఎస్‌పీ32లో జీపీఐఓ0 పిన్నును గ్రౌండుకు కలిపి రీసెట్ నొక్కితే అది మేలుకుంటుంది. చాలా ఎస్‌టీఎం32లలో బూట్0ను 3.3 వోల్టులకు కలపాలి.

ఆర్డుయినో ఊనోలోని ఏటీమెగా328పీకి ఈ అదృష్టం లేదు. దాని బూట్‌లోడర్ ఫ్లాష్‌లోనే ఉంటుంది, చెరిగిపోతుంది కూడా. మరో ఊనోను ప్రోగ్రామర్‌గా మార్చి, దాని 10వ పిన్నును చెడిన బోర్డు రీసెట్‌కు, 11, 12, 13లను అవే పిన్నులకు కలిపి, 5 వోల్టులు, గ్రౌండు ఇచ్చి బూట్‌లోడర్ మళ్లీ ఎక్కిస్తారు. ప్రోగ్రామర్ బోర్డు మధ్యలో రీసెట్ కాకుండా దాని రీసెట్, గ్రౌండుల మధ్య 10 మైక్రోఫారడ్ల కెపాసిటర్ పెడతారు. ఫ్యూజ్ బిట్లనే చిప్ అమరికలతో రీసెట్ పిన్నునే ఆపేసి ఉంటే మాత్రం 12 వోల్టుల ప్రోగ్రామర్ కావాల్సిందే.