ఉదయగిరి కథకు ఒక బీరువా

నెల్లూరు జిల్లా చరిత్ర జోలికి వెళ్లేవాళ్లు ముందుగా తెరిచేది 1905లో మద్రాసులో అచ్చయిన మూడు సంపుటాలు. ఐసీఎస్ అధికారి అలన్ బటర్‌వర్త్, వి. వేణుగోపాల్ చెట్టి కలిసి జిల్లాలోని రాగిరేకుల మీదా రాళ్ల మీదా ఉన్న శాసనాలను సేకరించి వేసిన పుస్తకమది. దాని అమరిక నాకెంతో ఇష్టం. శాసనాలను రాజవంశాల వారీగా కాక తాలూకాల వారీగా పేర్చారు. ఆత్మకూరు తాలూకా తీస్తే ఆ చుట్టుపక్కల ఊళ్లు, ఉదయగిరి తాలూకా తీస్తే కొండ కింది ఊళ్లు వరసగా వస్తాయి. ఫలానా ఊళ్లో ఫలానా గుడి దగ్గర రాయి ఉంది, దాని మీద ఈ దానం రాసి ఉంది అని చదువుతుంటే తాతముత్తాతల ఊరు కళ్లకు కడుతుంది. ఈ పుస్తకం ఉండాల్సిన మొదటి చోటు ఆత్మకూరు, ఉదయగిరి కళాశాలల గ్రంథాలయమే.

ఉదయగిరికి పుస్తకంతో చుట్టరికం కొత్తది కాదు. పదిహేనో శతాబ్దంలో ఈ కొండ నీడన తెలుగు కావ్యాలు పుట్టాయి. నంది మల్లయ, ఘంట సింగయ అనే జంటకవులు సంస్కృత నాటకం ప్రబోధచంద్రోదయాన్ని తెలుగు కావ్యంగా మలిచారు. శ్రీనాథుడి మరిది దగ్గుపల్లి దుగ్గన నాచికేతోపాఖ్యానం రాశాడు. రెండూ ఉదయగిరి పాలకుడు బసవభూపాలుడి కొలువులోని మంత్రులకే అంకితం. కత్తి పట్టిన కోటగా అందరికీ తెలిసిన ఉదయగిరి గంటం పట్టిన ఊరు కూడా. ఈ సంగతి మన పిల్లలకు చెప్పేవాళ్లు తగ్గిపోయారు.

కోట కథ మాత్రం దేశాలు దాటింది. గజపతుల చేతిలో ఉన్న ఈ దుర్గాన్ని శ్రీకృష్ణదేవరాయలు ముట్టడించి 1514లో పట్టుకున్నాడు. పోర్చుగీసు వర్తకుడు న్యూనిజ్ ఆ ముట్టడి గురించి వివరంగా రాశాడు. కోటలో 10,000 కాల్బలం, 400 గుర్రాలు ఉన్నాయనీ, దారి కోసం రాయలు కొండరాళ్లు పగలగొట్టించాడనీ అంటాడు. చరిత్రకారుడు రాబర్ట్ సూయెల్ 1900లో ఆ రాతను ఇంగ్లీషులో అచ్చువేశాడు. ఉదయగిరి నుంచి రాయలు తీసుకెళ్లిన బాలకృష్ణుడు హంపీ గుడిలో కొలువుదీరి, చివరికి చెన్నై మ్యూజియం చేరాడు. కొండ మీది మసీదు దగ్గర గోల్కొండ కాలపు పారశీక శాసనాలున్నాయి. 3,079 అడుగుల కొండ ఒకటే, దాన్ని చదవడానికి తెలుగు, సంస్కృతం, పారశీకం, పోర్చుగీసు కావాలి!

గ్రంథాలయంలో ఈ కథ ముక్కలైపోతుంది. విషయాల వారీగా అంకెలు వేసే డ్యూయీ పద్ధతిలో సర్దిన చోట దుగ్గన కావ్యం తెలుగు సాహిత్యం కింద 894.827లోకి పోతుంది. ఆంధ్ర చరిత్ర 954.84 దగ్గర ఉంటుంది. శాసనాలు ఇంకో అలమరలో, గెజెటీర్లు రిఫరెన్సులో. డ్యూయీ తప్పేమీ లేదు, అది లోకం మొత్తానికీ వేసిన లెక్క. సొంత ఊరి కోసం కళాశాల విడిగా ఒక బీరువా పెట్టుకోవాలి.

అందులో తప్పకుండా ఉండాల్సిన ఒక పలుచని పుస్తకం, వయోజన వాచకం గురించి చెప్పాలి. 1991లో నెల్లూరు జిల్లాలో అక్షర దీపం పేరిట సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం మొదలైంది. పగలంతా కూలికి పోయిన ఆడవాళ్లు రాత్రి బడిలో పలక పట్టారు. వాచకాల్లో సారా వల్ల చితికిపోయే సంసారాల కథలున్నాయి. ‘ఆడవాళ్లు ఏకమైతే’ అన్న పాఠం ఉంది. ఉదయగిరి నియోజకవర్గం కలిగిరి మండలంలోని దూబగుంట ఆడవాళ్లు చదివింది చేసి చూపించారు. ఊళ్లో సారా దుకాణం మూయించారు. దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా మోగింది. ఊరూరా ఆడవాళ్లు సారా వేలంపాటలకు అడ్డం నిలిచారు. 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో, అదే ఏడాది అక్టోబర్ 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. అక్షరం దిద్దిన చేతులే ప్రభుత్వం మెడలు వంచాయి. పుస్తకం ఒక ప్రాంతాన్ని కదిలించిందనడానికి ఇంతకు మించిన సాక్ష్యం నాకు కనిపించదు. అయితే వయోజన వాచకాలు, కరపత్రాలు, గోడ పత్రికల్లాంటివి ఇంట్లో అటక మీద చెదలుపడతాయి, లేదా పాత కాగితాల బండి ఎక్కుతాయి. వాటిని అడిగి తెచ్చి అట్ట వేసి దాచే పని కళాశాల గ్రంథాలయం చేయగలదు. నాటి రాత్రి బడుల్లో చదివినవాళ్లు ఈనాటి విద్యార్థుల అమ్మమ్మలు, నాయనమ్మలే. వాళ్ల మాటలు ఫోనులో రికార్డు చేసుకోవాల్సిన సమయం ఇదే.

ఏటా నవంబర్ 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. పుస్తక ప్రదర్శన, వ్యాసరచన, క్విజ్, ఆఖరి రోజు బహుమతులు. బాగానే ఉంటాయి. ఆ వారంలో ఒక్క రోజు ఊరి బీరువాకు కేటాయిస్తే చాలు.

డబ్బు లేదన్న మాట కూడా పూర్తిగా నిలవదు. బటర్‌వర్త్ సంపుటాలు స్కాన్ అయి ఉచితంగా దొరుకుతున్నాయి. కళాశాలలకు ఈ-వనరులు అందించే ఎన్‌లిస్ట్ పథకంలో చేరిన కళాశాలకు 6,000కు పైగా ఈ-జర్నళ్లు అందుతాయి. 2025 నుంచి ‘ఒకే దేశం ఒకే చందా’ పథకం కింద ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలకు 30 ప్రచురణ సంస్థల జర్నళ్లు దాదాపు 13,000 తెరుచుకున్నాయి. ఎలా వెతకాలో పక్కన కూర్చుని చూపించే లైబ్రేరియన్ మాత్రం ఉండి తీరాలి. ఆ పోస్టు ఖాళీగా ఉంటే పాస్‌వర్డులు ఎన్ని ఉన్నా పిల్లవాడికి దారి దొరకదు.

చరిత్ర అధ్యాపకులు వేసవి సెలవుల ముందు ఒక పని అప్పగించవచ్చు. ప్రతి విద్యార్థీ బటర్‌వర్త్ సంపుటాల్లో తన ఊరి పేరు వెతకాలి. శాసనం చెప్పిన చోట ఇప్పుడు ఉందా, గుడి మరమ్మతుల్లో గోడలో కలిసిపోయిందా, బట్టలుతికే బండగా మారిందా చూసి రావాలి. ఫొటో తీసి, ఊళ్లో పెద్దవాళ్లు చెప్పింది కలిపి రెండు పేజీలు రాయాలి. జూన్‌లో వాటిని బైండు చేయించి, యాక్సెషన్ నంబరు వేసి, 1905 నాటి సంపుటాల పక్కనే పెట్టాలి.