ఎన్జింగా రాణి చరిత్ర: ఆధారముల పరిశీలనము

ఆఫ్రికా ఖండమునకు చరిత్ర లేదను మాట ఐరోపా విద్వాంసులలో చిరకాలము చెల్లుబడియైనది. 1837లో ముద్రితమైన చరిత్రతత్త్వోపన్యాసములలో జర్మను తత్త్వవేత్త హెగెల్ ఆ ఖండమును ప్రపంచ చరిత్రలో చేరని భూభాగముగా నెంచి విడిచిపెట్టెను. 1963లో సైతము ఆక్స్‌ఫర్డు ఆచార్యుడైన హ్యూ ట్రెవర్-రోపర్, ఆఫ్రికాలో ఐరోపీయుల చరిత్ర యున్నదే గాని తక్కినది చీకటియేయను అభిప్రాయమును ఉపన్యాసములలో ప్రకటించెను. ఆ నాటికే ఈ వాదమునకు సమాధానము ఆరంభమైనది. నైజీరియా దేశీయుడు కెనెత్ డికే 1956లో నైజర్ ముఖద్వార ప్రాంతపు వాణిజ్య రాజకీయములపై గ్రంథమును వెలువరించెను. బెల్జియము పండితుడు యాన్ వాన్సినా 1961లో మౌఖిక సంప్రదాయమును చరిత్రాధారముగా వాడు పద్ధతిని శాస్త్రీయముగా నిరూపించెను. 1964లో యునెస్కో సంస్థ సంకల్పించిన ఆఫ్రికా సమగ్ర చరిత్ర 1981 మొదలు 1993 వరకు ఎనిమిది సంపుటములుగా వెలువడినది.

చరిత్ర కలదని నిరూపించుట ఒక యెత్తు. దానిని ఏ యాధారములతో వ్రాయవలెననుట వేరొక యెత్తు. శిలాశాసనములను, తామ్రపత్రములను పరిశీలించుటకు అలవాటుపడిన మనకు, అట్టివి లేని చోట గతించిన రాజుల మాటను ఎవరి నోట వినవలెనను ప్రశ్న సహజముగా కలుగును. పదునేడవ శతాబ్దిలో నేటి అంగోలా దేశమున పోర్చుగీసువారి నెదిర్చిన ఎన్జింగా రాణి చరిత్ర ఈ ప్రశ్నకు మంచి ఉదాహరణము. ఆమెను గూర్చి మనకు తెలిసినదానిలో అధికభాగము ఆమె శత్రువులు వ్రాసినది. ఆ వ్రాతలనే జాగ్రత్తగా చదివినచో అవి వ్రాసినవారి యుద్దేశమునకు విరుద్ధముగా సాక్ష్యము చెప్పునని చూపుటయే ఈ వ్యాసము ప్రయోజనము.

క్వాంజా, లుకాలా నదుల నడుమ ఎన్‌డొంగో యను రాజ్యముండెను. అచటి ప్రజలు మ్బుందు జాతివారు. వారి భాష కింబుందు. రాజునకు ‘న్గోలా’ యని బిరుదు. ఆ బిరుదమునే దేశనామముగా గ్రహించి పోర్చుగీసువారు అంగోలా యనిరి. వారు 1575లో లువాండా తీరమున దిగి, క్రమముగా నదీమార్గమున లోనికి చొచ్చి, 1583లో మసంగానో వద్ద కోట కట్టిరి. వారికి కావలసినది బ్రెజిల్ చెరకు తోటలలో పనిచేయుటకు మనుష్యులు. అట్లాంటిక్ సముద్రమునకు ఇరువైపుల నున్న ఓడల పత్రములను క్రోడీకరించిన పరిశోధకుల అంచనాను బట్టి, ఆ వ్యాపారమున ఓడలెక్కింపబడినవారు సుమారు 1 కోటి 25 లక్షలు. అందులో రమారమి 57 లక్షలమంది ఈ మధ్య పశ్చిమాఫ్రికా తీరమునుండి పోయినవారే. 1617లో గవర్నరుగా వచ్చిన మెండెస్ ద వాస్కొన్సెలోస్, ఇంబంగాలా యను యోధుల దండులను తోడు చేసికొని ఎన్‌డొంగో రాజధాని కబాసాను దోచెను. వేలకొలది జనులు చెరపట్టబడిరి. 1619లో వర్జీనియా తీరమున దింపబడిన మొదటి ఇరువదిమంది ఆఫ్రికనులు లువాండానుండి బయలుదేరిన ఓడలోనివారే. వారిలో పెక్కురు ఈ యుద్ధములందు పట్టుబడినవారై యుందురని చరిత్రకారులు తలంతురు.

ఈ స్థితిలో 1622లో న్గోలా మ్బాండే రాజు తన సోదరియగు ఎన్జింగాను రాయబారిగా లువాండాకు పంపెను. గవర్నరు కురిచీపై కూర్చుండి, ఆమెకు నేలపై తివాచీ మాత్రము పరపించెననియు, ఆమె కనుసన్న చేయగా పరిచారిక యొకతె వంగి వీపును ఆసనముగా నొసగెననియు ప్రసిద్ధమైన కథ యొకటి కలదు. ఓడిపోయినవారు కప్పము కట్టుదురు గాని, స్వతంత్రులు స్నేహము కోరి వచ్చినపుడు కప్పము మాట రాదని ఆమె వాదించినట్లును చెప్పుదురు. ఈ కథను గ్రంథస్థము చేసినవారు కపూచిన్ మఠమునకు చెందిన ఇటలీ సన్యాసులు. వారిలో ముఖ్యుడగు కవాజ్జి 1654లో గాని అంగోలాకు రాలేదు. ఆతని గ్రంథము 1687లో బొలోన్యాలో అచ్చుపడినది. కావున సంఘటనకును లేఖనమునకును నడుమ ముప్పదియేండ్లకు మించిన కాలము గడచినది. దీనిని ప్రత్యక్ష సాక్ష్యముగా గ్రహింపరాదు. అయినను, సాటి రాజ్యముతో సమానాసనమున కూర్చుండుటయే నాటి వివాదమని అందరికిని గుర్తుండెనని మాత్రము దీనివలన నిశ్చయింపవచ్చును. ఆ సందర్భమున ఆమె ఆనా ద సూజా యను పేరుతో జ్ఞానస్నానము పొందుట నిర్వివాదము.

1624లో సోదరుడు మరణింపగా ఆమె రాజ్యాధికారమును చేపట్టెను. ఆమెయే విషము పెట్టించెనని పోర్చుగీసు లేఖకులు వ్రాసిరి. ఆమెను రాజ్యభ్రష్టను జేసి హరి యను వానిని గద్దెనెక్కించిన పక్షమువారు ఆమెను హంతకిగను, అనర్హగను చిత్రించుటలో ఆశ్చర్యము లేదు. ఈ యభియోగమును నిరూపించుటకు గాని త్రోసివేయుటకు గాని తగిన యాధారము కనబడదు. ఆమె వారసత్వమును గూర్చి మన కాలపు పండితులలోను అభిప్రాయభేదము కలదు. సంప్రదాయము ననుసరించి ఆమెకు హక్కు లేదనియు, పరాయి దండుల బలముననే నిలిచెననియు జోసెఫ్ మిల్లర్ 1975లో వాదించెను. ఆ నాటికి ఎన్‌డొంగోలో వారసత్వ నియమమే స్థిరపడలేదనియు, తరువాతివారికి ఆమెయే పూర్వప్రమాణమైనదనియు జాన్ థార్న్‌టన్ 1991లో ప్రతివాదము చేసెను. ఆమె యనంతరపు 104 సంవత్సరములలో కనీసము 80 సంవత్సరములు ఆమె రాజ్యమును స్త్రీలే పాలించిరని ఆతని లెక్క. ఈ రెండవ వాదమే బలవత్తరమని తోచుచున్నది.

1624 మొదలు 1630 వరకు గవర్నరుగా నుండిన ఫెర్నావ్ ద సూజా తన యేలుబడికి సంబంధించిన కాగితములను భద్రపరచుకొనెను. జర్మను విదుషి బియాట్రిక్స్ హైంట్సె వానిని 1985, 1988 సంవత్సరములలో రెండు సంపుటములుగా ప్రకటించెను. ఆ లేఖలలో మరల మరల వినవచ్చు ఫిర్యాదొక్కటి కలదు: పోర్చుగీసువారి బానిసలును, వారి సైన్యమున పనిచేయు నల్ల సిపాయిలును పారిపోయి ఎన్జింగాను చేరుచున్నారు, ఆమె వారికి భూములిత్తునని కబురంపుచున్నది, తిరిగి యిమ్మన్నచో యిచ్చుట లేదు. యుద్ధమునకు గవర్నరు చూపిన కారణములలో ఇది ముఖ్యమైనది. లేఖకుని దృష్టిలో ఇది సొత్తు పోయినదను గోల. మన దృష్టిలో ఇది వేరొక విషయమునకు సాక్ష్యము. రాణి పేరు తెలిసినట్లు పేర్లు తెలియనివారు, సంకెలలు వదలించుకొని అడవులు దాటిపోయినవారు, ఎదిరింపునకు తామే నడుము కట్టిరని ఈ ఫిర్యాదే చెప్పుచున్నది. బానిసలు తమ స్థితితో తృప్తిపడియుండిరను వాదమును ఖండించుటకు ఇంతకన్న బలమైన సాక్ష్యము బానిసల యజమాని చేతివ్రాతకన్న మరెక్కడ దొరకును?

తరువాతి కథ సంగ్రహముగా నిట్లున్నది. 1629లో ఆమె చెల్లెండ్రిద్దరును చెరపడిరి. ఎన్‌డొంగోను కోల్పోయిన రాణి ఇంబంగాలా దండుల యుద్ధాచారములను స్వీకరించి, తూర్పుననున్న మతాంబా రాజ్యమును జయించి, అచట నిలద్రొక్కుకొనెను. తానే దండు నడపెను. 1641లో డచ్చివారు లువాండాను పట్టుకొనగా వారితో పొత్తు గలిపి, 1647లో కోంబీ యుద్ధమున పోర్చుగీసు సైన్యమును ఓడించెను. అయితే బానిసలు రాక బ్రెజిల్ తోటలు పాడగుచుండుటచే, 1648లో బ్రెజిల్ నుండియే సల్వదోర్ ద సా నాయకత్వమున నౌకాబలము వచ్చి లువాండాను తిరిగి గైకొనెను. ఒక ఖండపు చెరకు పంట మరొక ఖండపు రాజ్యముల తలవ్రాతను నిర్ణయించిన విధమిది.

చెల్లెండ్రలో నొకతె శత్రువుల చేతిలో మరణించెను. రెండవయామె బార్బరా విడుదలకై ఎన్జింగా ఏండ్ల తరబడి రాయబారము నడపెను. 1655 డిసెంబరులో ఆమె గవర్నరునకు వ్రాయించిన లేఖ నేటికిని నిలిచియున్నది. పూర్వపు గవర్నరులు మాట యిచ్చి, కానుకలు గైకొని, మాట తప్పిరని అందులో ఆమె నిష్ఠురములాడెను. శత్రువుల వ్రాతల నడుమ ఆమె సొంత గొంతు వినబడు అరుదైన చోట్లలో ఇదియొకటి. మరుసటి సంవత్సరము సంధి కుదిరినది. ఆమె మరల క్రైస్తవమతమును స్వీకరించెను. కప్పము కట్టుటకు మాత్రము ఒప్పుకొనలేదు. 1663 డిసెంబరు 17న, ఎనుబది యేండ్లు నిండిన వయస్సున, రాణిగానే కన్ను మూసెను. బార్బరా సింహాసనమెక్కెను.

ఇచట దాచరాని విషయమొకటి కలదు. చెల్లెలి విడుదలకు ఆమె యిచ్చిన మూల్యము 130మంది బానిసలు. తన యుద్ధములలో పట్టుబడినవారిని ఆమె డచ్చివారికిని, పిమ్మట పోర్చుగీసువారికిని అమ్మెను. పారిపోయి వచ్చినవారికి ఆశ్రయమిచ్చిన చేతులే మరికొందరిని రేవునకు పంపినవి. ఆఫ్రికా వీరుల కీర్తిని పునరుద్ధరింపగోరువారిలో కొందరు ఈ సంగతిని విడిచిపెట్టుదురు. ఆ ఖండమును నిందింపగోరువారు దీనినొక్కదానినే పట్టుకొందురు. రెండును చరిత్ర కాదు. తుపాకులును, గుఱ్ఱములును, పొత్తులును బానిసలకు మారుగానే లభించు విపణిని సముద్రముమీదినుండి వచ్చినవారు విస్తరింపజేసిరి. ఆ విపణిలో నిలిచి స్వాతంత్ర్యము నిలుపుకొన్న ప్రభువు ఇతరుల స్వాతంత్ర్యమును వెలగా చెల్లించెను. ఈ నిజమును చెప్పినందువలన ఆమె నలువదియేండ్ల పోరాటము తక్కువ గాదు. ఆ వ్యవస్థ యెంత క్రూరమో మరింత స్పష్టమగును.

భాషాపరిశోధకులకు ఆసక్తికరమగు సాక్ష్యము సముద్రమునకు ఆవలి గట్టున దొరకును. ఇంబంగాలా యోధుల దండువిడిదికి ‘కిలొంబో’ యని పేరు. ఈ మాటయే ‘కిలొంబు’ యను ఉచ్చారణతో బ్రెజిల్ చేరి, పారిపోయిన బానిసలు అడవులలో కట్టుకొన్న పల్లెలకు పేరైనది. వానిలో మిక్కిలి పెద్దదియగు పాల్మారెస్ 1694 వరకు పోర్చుగీసు సైన్యములను ఎదిర్చి నిలిచెను. దాని నాయకుడు జుంబి 1695 నవంబరు 20న వధింపబడెను. ఆ దినమును బ్రెజిల్ నేడు జాతీయ సెలవుగా పాటించుచున్నది. బ్రెజిల్ నల్లజాతివారి కొంగాడా యను జానపద నృత్యరూపకమున జింగా రాణి పాత్ర కలదు. పోర్చుగీసు దఫ్తరములను ఎన్నడును చూడని జనులు ఆమె పేరును ఆటపాటలలో కాపాడుకొనిరి. సంకెలలలో పోయినవారితో మాటలును, పేర్లును కూడ పోయినవి. వానిని ఏ ఓడ పత్రమును లెక్కింపలేదు.

1975 నవంబరు 11న అంగోలా స్వతంత్రమైనది. 2002లో లువాండా నగరమున ఎన్జింగా విగ్రహము ప్రతిష్ఠింపబడినది. విగ్రహము ఒక్కరికే నిలుచును. రాణి కడకు రాత్రివేళ పారిపోయి వచ్చిన బానిసలకు విగ్రహములు లేవు, పేర్లును లేవు. ఒక గవర్నరు కోపముతో వ్రాసికొన్న ఫిర్యాదులలో వారు మిగిలియున్నారు. ఆఫ్రికా చరిత్రను తిరిగి గైకొనుటయనగా రాణులను మాత్రమే గాక వీరిని కూడ గైకొనుట. పాలకుల దఫ్తరములలో ‘పారిపోయినవారు’, ‘తిరుగబడినవారు’ అను మాటలు కనబడిన చోటనెల్ల పరిశోధక విద్యార్థులు ఆగి, ఆ మాట ఎవరు, ఎవరిని గూర్చి, ఏ నష్టము కలిగి వ్రాసిరని అడుగవలెను.