పటేల్ షాట్, సంఘం షాట్

సినిమా, మీడియా చదువు అనగానే హైదరాబాద్ గుర్తొస్తుంది. ఉస్మానియాలో జర్నలిజం శాఖ 1954లోనే మొదలైంది. కేంద్రీయ విశ్వవిద్యాలయంలో సరోజినీ నాయుడు స్కూల్ 1988లో వచ్చింది. మెదక్ పట్టణంలోని ఒక ఆడపిల్ల ఆ తరగతి దాకా చేరాలంటే డిగ్రీ, ఇంగ్లీషు, హాస్టల్ ఖర్చు, ఇంట్లోవాళ్ల అనుమతి - ఇన్ని గడపలు దాటాలి. ఇవేవీ దాటకుండానే అదే జిల్లాలో దళిత స్త్రీలు కెమెరా పట్టారు. ఆ చరిత్రకు మన సిలబస్‌లో చోటెక్కడ?

జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్ అప్పుడు మెదక్ జిల్లా. 2016 నుంచి సంగారెడ్డి జిల్లా. అక్కడ డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాల సభ్యులు 1990ల చివర్లో వీడియో నేర్చుకున్నారు. చాలామందికి అక్షరాలు రావు. కూలి చేసిన చేతులు. 2003లో వరంగల్ రైతుల బీటీ పత్తి నష్టాలను చిత్రంగా తీసింది వీళ్లే.

షాట్లకు వాళ్లు పెట్టుకున్న పేర్లు చూడండి. పైనుంచి కిందికి చూసేది పటేల్ షాట్. కింద నిలబడి పైకి చూసేది బానిస చూపు. ఎదుటి మనిషి కళ్లకు సమానంగా కెమెరా పెడితే సంఘం షాట్, ఎందుకంటే సంఘంలో అందరూ సమానం. లారా మల్వే 1975లో మగచూపు గురించి రాసిన వ్యాసాన్ని మనం తరగతుల్లో చదువుతాం. ఆ వ్యాసంలో లేని కులమూ భూమీ ఈ మూడు పేర్లలో ఉన్నాయి.

రేడియో కథ ఇంకా సూటిగా ఉంటుంది. గాలితరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లో చెప్పింది. 2002లో ప్రభుత్వం కమ్యూనిటీ రేడియోకి అనుమతిచ్చింది, కానీ విద్యాసంస్థలకు మాత్రమే. 2004లో చెన్నై అన్నా విశ్వవిద్యాలయం ప్రసారం మొదలుపెట్టింది. మాచనూర్ స్త్రీలు మాత్రం స్టేషన్ కట్టుకుని కూడా కార్యక్రమాలను క్యాసెట్లలో రికార్డు చేసి సంఘాల్లో వినిపించుకున్నారు. చదువు లేనివాళ్ల గొంతు గాలిలోకి పోకూడదనే కదా ఆ నిబంధనకు అర్థం! 2006లో విధానం మారింది. 2008 అక్టోబర్ 15న సంఘం రేడియో ప్రసారం మొదలైంది. నడిపింది జనరల్ నరసమ్మ, అల్గోల్ నరసమ్మ.

ఆ విధానం మారడానికి విశ్వవిద్యాలయ పరిశోధకులూ పోరాడారు. 2011లో హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి కమ్యూనిటీ మీడియాపై యునెస్కో పీఠం వచ్చింది. మంచిదే. అయితే ఈ స్త్రీలు అక్కడ కేస్ స్టడీగా మిగలాలా, సిద్ధాంతకర్తలుగా చేరాలా? హై యాంగిల్ అని బోర్డు మీద రాసే ప్రతి అధ్యాపకురాలూ పక్కనే పటేల్ షాట్ అని కూడా రాయాలి. ఆ పేరు ఎవరు పెట్టారో, వాళ్లెందుకు అలా చూడగలిగారో చెప్పాలి.