క్షయకరణంలో తరిగేదేమిటి?

ఇనుప మేకు తుప్పు పట్టి పొడిగా రాలిపోతే దానికి మన సైన్సు పుస్తకాల్లో పేరు లోహక్షయం. ఆ పుస్తకాల్లోనే క్షయకరణం అనే మరో మాట ఉంది. రెండింటిలోనూ క్షయం కనిపిస్తోంది కదా అని, తుప్పు పట్టడం క్షయకరణమేనని ఒక పదో తరగతి పిల్ల రాసిందనుకోండి. ఆ పిల్లకు తెలుగు బాగానే వచ్చు. కానీ మార్కు రాదు. ఎందుకంటే తుప్పు పట్టడం ఆక్సీకరణం. తుప్పు లాంటి ఖనిజంలోంచి ఇనుమును మళ్లీ బయటికి తీయడం క్షయకరణం. లోహం పాడవడం కాని క్షయకరణం, లోహం పుట్టడం ఎలా అయింది? ఈ ముడి విప్పకుండా నిర్వచనాలు వల్లె వేయించడం పిల్లలకు అన్యాయమని నా గట్టి నమ్మకం.

క్షయం సంస్కృతపు మాట. తరగడం, నశించడం దాని అర్థం. కృష్ణపక్షంలో చంద్రుడికి క్షయం, ఊపిరితిత్తుల జబ్బుకు క్షయ, తరగనిదానికి అక్షయం. అక్షయ తృతీయ నాడు జనం కొనే బంగారానికి ఆ పేరు రసాయనశాస్త్రపరంగా కూడా తగినదే, ఎన్నేళ్లున్నా గాలికి అది ఆక్సీకరణం చెందదు కాబట్టి. అంటే లోకవ్యవహారంలో లోహానికి క్షయమంటే ఆక్సీకరణమే. ఇంత బలంగా నాటుకున్న అర్థాన్ని వదిలిపెట్టి దానికి ఎదురుగా నడవమని ఒక పాఠ్యాంశం అడుగుతోంది.

ఇంగ్లిషువాళ్ల 'రిడక్షన్'కు లాటిన్ మూలం 'రెడూకెరె', అంటే వెనక్కి తీసుకురావడం. ఖనిజాన్ని కరిగించేవాళ్లు ఆ మాటను వాడింది ఈ అర్థంలోనే. మట్టిలా ఉన్నదాన్ని మళ్లీ లోహస్థితికి తెచ్చారు, అంతే. తగ్గించడం అనే అర్థం ఆ మాటకు తర్వాత గట్టిపడింది. అదీ ఇక్కడ అతకకపోలేదు. 160 గ్రాముల శుద్ధమైన హెమటైట్ (ఇనుప ఖనిజం) నుంచి ఆక్సిజన్‌ను పూర్తిగా తీసేస్తే మిగిలే ఇనుము 112 గ్రాములు. తూకంలో 48 గ్రాములు తరిగింది. మన మాటలో నిలిచింది ఈ తరుగే. వెనక్కి రావడమన్న భావం జారిపోయింది. ఆ భావమే మిగిలి ఉంటే పిల్లలకు ఇంత తికమక ఉండేది కాదు. కన్నడంలో ఆక్సీకరణం, క్షయకరణం అనే జంటను ఉత్కర్షణ, అపకర్షణ అంటారు. హిందీలో ఉపచయన్, అపచయన్. అక్కడ కనీసం రెండు మాటలూ ఒకే అచ్చులోంచి వచ్చి ఒకదానికొకటి ఎదురుగా నిలబడతాయి.

విశాఖ ఉక్కు కర్మాగారంలో మూడు బ్లాస్ట్ ఫర్నేసులకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టుకున్నాం. వాటి పొట్టలో రాత్రింబవళ్లు జరిగేది క్షయకరణమే. నశింపు అని అర్థం వచ్చే మాట ఉక్కుకు పుట్టిల్లయిన పనికి పేరయింది. పదాలు ఇలా కూడా బతుకుతాయని తరగతిలో చెప్పాలి.

ఇక ఆక్సీకరణం. తల గ్రీకుది, తోక సంస్కృతానిది. అయినా అతుకు కనబడదు. శుద్ధీకరణం, కేంద్రీకరణం అన్నప్పుడు ముందున్న అకారం ఈకారమై 'కానిదాన్ని అలా చేయడం' అనే అర్థం వస్తుంది. సంస్కృత వ్యాకరణంలో దీన్ని చ్వి ప్రత్యయం అంటారు. ఆక్సీకరణం ఆ వరుసలో హాయిగా కూర్చుంది. దాని తలలో మాత్రం పాత పొరపాటొకటి దాగి ఉంది. ఆమ్లాలన్నిటికీ ఆక్సిజనే మూలమని రసాయనవేత్త లవోజియే నమ్మి, పులుపును పుట్టించేదన్న అర్థంలో ఆ పేరు పెట్టాడు. హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో అసలు ఆక్సిజనే లేదని 1810లో హంఫ్రీ డేవీ చెప్పాడు. మన పెద్దలు నమ్మకంగా అనువదించుకున్న ఆమ్లజని అన్న పేరు ఆ పొరపాటును కూడా తెలుగులోకి మోసుకొచ్చింది.

నేర్పడానికి నాకు వీటన్నిటికంటే ఎక్కువ పనికొచ్చేవి రెండు ఇంటిమాటలు: పట్టడం, వదలడం. ఇనుముకు తుప్పు పట్టింది, రాగి చెంబుకు కిలుము పట్టింది అంటాం. లోహాన్ని ఆక్సిజన్ పట్టుకుంది. కొలిమిలో ఆ పట్టు వదిలింది. ఎనిమిదో తరగతికి ఇది చాలు. ఒక్క జాగ్రత్త: చింతపండుతో తోమితే చెంబు మెరుస్తుంది కానీ అది క్షయకరణం కాదు. పులుపు ఆ కిలుమును కరిగించి తీసుకుపోతుంది, అంతే.

పై తరగతిలో ఆక్సిజన్ ఊసే లేని చర్య ఎదురవుతుంది. నీలి మైలుతుత్తం ద్రావణంలో ఇనుప మేకు వేసి కాసేపు ఉంచితే నీలం పలచబడుతుంది, మేకు మీద ఎర్రగా రాగి పేరుకుంటుంది. ఇనుము రెండు ఎలక్ట్రాన్లు వదిలింది, రాగి అయాను ఆ రెండింటినీ పట్టుకుంది. ఇప్పుడు అవే క్రియలు తారుమారయ్యాయి చూడండి. ఆక్సిజన్‌ను పట్టడం ఎంతో ఎలక్ట్రాన్లను వదలడం అంత, రెండూ ఆక్సీకరణమే. పిల్లలు తడబడేది సరిగ్గా ఇక్కడే: ఎలక్ట్రాన్లు వచ్చి చేరుతుంటే క్షయం ఎలా అవుతుంది? ఎలక్ట్రాన్‌ది రుణావేశం కనుక. రుణం వచ్చి చేరితే లెక్క కిందికి దిగుతుంది. రాగి ఆక్సీకరణ సంఖ్య +2 నుంచి సున్నాకు తరిగింది. హెమటైట్‌లో ఇనుముది +3 నుంచి సున్నాకు. క్షయకరణంలో క్షయమయ్యేది లోహం కాదు, ఆ సంఖ్య. ఎలక్ట్రాన్ ఊసు తెలియని కాలపు తూకంలోంచి వచ్చిన అర్థం ఈ కొత్త లెక్కకూ సరిపోవడం ఆ పదానికి దక్కిన అదృష్టం. క్షయమయ్యేది ఆ సంఖ్యేనన్న ఒక్క వాక్యాన్ని పాఠ్యపుస్తకం పదం పక్కనే అచ్చువేస్తే ఎంత బాగుండును!

మిగిలిన చిక్కు క్షయకరణితో. కరణి అంటే చేసేది, తాను చెందేది కాదు. తెలుగులో చెందడం, చెందించడం వేరని పిల్లలకు పుట్టుకతోనే తెలుసు. అందుకే క్షయకరణి అన్నచోటల్లా 'క్షయకరణం చెందించేది' అని విడదీసి చదివించాలి. బ్లాస్ట్ ఫర్నేసులో ఆ పని ఎక్కువగా కార్బన్ మోనాక్సైడ్‌ది. మూడు అణువులు కలిసి ఒక హెమటైట్ ప్రమాణం నుంచి మూడు ఆక్సిజన్ పరమాణువులను లాక్కుని కార్బన్ డయాక్సైడ్‌గా వెళ్లిపోతాయి. వెళ్తూ ఒక్కో కార్బన్ +2 నుంచి +4కు ఎక్కుతుంది. మూడింటికి కలిపి ఆరు. రెండు ఇనుప పరమాణువులు తలా మూడు చొప్పున దిగినదీ ఆరే.